కొండవీటి చెరువుల గట్టున బోర్డులు పెట్టండి

సంపాదకులకు,

ఘాట్ రోడ్డు పడ్డాక ఆదివారం పూట కొండవీడు కోటకు వెళ్ళి రావడం మా గుంటూరు వాళ్ళకు అలవాటైంది. సంతోషమే. ఇదివరకు నాలాంటి మోకాళ్ళ నొప్పులవాళ్ళు కింద నుంచే దండం పెట్టుకుని తిరిగి వచ్చేవారు. ఈమధ్య మా చెల్లెలి కుటుంబంతో కలిసి నేనూ పైకి వెళ్ళాను. వానలు పడి కొండంతా పచ్చగా ఉంది. దారి పక్కన సీతాఫలం చెట్లు కాయలతో వంగి ఉన్నాయి.

చెల్లెలి మనవడు తొమ్మిదో తరగతి. చెరువు చూసి, "అమ్మమ్మా, ఇంత ఎత్తున నీళ్ళెక్కడివి?" అన్నాడు. అడగవలసిన ప్రశ్నే. కొండ మీద ముత్యాలమ్మ చెరువు, పుట్టాలమ్మ చెరువు, వెదుళ్ళ చెరువు అని మూడున్నాయి. ఎగువది నిండితే పొర్లిన నీళ్ళు దిగువదానికి చేరేలా కట్టారు. ఏరు లేని కొండ మీద కోట, అందులో సైన్యం బతికాయంటే వాననీటిని ఇలా పట్టి ఉంచబట్టే. 1515లో ఒడిశా గజపతి రాజుల చేతిలోంచి ఈ దుర్గాన్ని తీసుకోవడానికి శ్రీకృష్ణదేవరాయలంతటివాడు ముట్టడి వేసి కూర్చోవలసి వచ్చింది. మా పక్కనున్న కుర్రవాళ్ళు మాత్రం చెరువులోకి ఖాళీ సీసాలు విసిరి ఎవరిది దూరం పోయిందో చూసుకుంటున్నారు. అది ఏ చెరువో, ఎందుకు కట్టారో చెప్పే బోర్డు ఆ గట్టున నాకు కనబడలేదు.

రెడ్డిరాజుల్లో అనవోతారెడ్డి అద్దంకి నుంచి రాజధానిని ఇక్కడికి మార్చాడనీ, పెదకోమటి వేమారెడ్డి ఆస్థానంలో శ్రీనాథుడు విద్యాధికారిగా ఉన్నాడనీ తరగతి గదిలో ఏళ్ళ తరబడి చెప్పినదాన్ని. పిల్లలు మార్కుల కోసం వల్లె వేశారు, మరిచిపోయారు. కుమారగిరిరెడ్డి వసంతోత్సవాలకు కర్పూరం, కస్తూరి దూరదేశాల నుంచి వచ్చేవి; తెప్పించినవాడు వర్తకుడు అవచి తిప్పయ్యసెట్టి. ఇప్పుడు అక్కడి మండపాల్లో బిర్యానీ పొట్లాల వాసన. కిందికి దిగాక చెంఘీజ్‌ఖాన్‌పేటలో వెన్నముద్దల కృష్ణుణ్ణి చూశాం. ఆ గుడికి దారి చెప్పింది కూడా బోర్డు కాదు, టీ కొట్టు ఆయనే.

నేను కోరేది కొండవీటి చాంతాడంత జాబితా ఏమీ కాదు. చెరువుకొకటి, మండపానికొకటి, కూలిన ద్వారానికొకటి బోర్డు పెట్టండి. ఎవరు కట్టారు, దేనికి కట్టారు, తెలుగులో, పెద్ద అక్షరాల్లో, నాలుగు వాక్యాలు చాలు. ఫొటోలు దిగడానికి రంగురంగుల అక్షరాలు నిలబెట్టే ఖర్చులో సగం కూడా కాదు. సెలవు రోజుల్లో గుంటూరు బస్టాండు నుంచి కొండ కింది దాకా అయినా ఒక బస్సు వేయండి. శివరాత్రికి కోటప్పకొండకు అన్నన్ని బస్సులు తిప్పుతున్నప్పుడు ఇది పెద్ద పని కాదు. కారు లేనివాళ్ళు ఆటోకు ఇచ్చే డబ్బుతో ఇంటిల్లిపాదికీ భోజనం వస్తుంది.

బస్సుకు సమయం పడుతుందంటే ఒప్పుకుంటాను. బోర్డులు మాత్రం వచ్చే కార్తీక వనభోజనాల లోపు పెట్టవచ్చు.

– ఒక విశ్రాంత సాంఘిక శాస్త్ర ఉపాధ్యాయురాలు,
బ్రాడీపేట, గుంటూరు