క్యారియర్ అంటే రోగి కాదు, ఆ మాట ముందు చెప్పండి

ఎడిటర్ గారికి,

సికిల్ సెల్ అనే, పుట్టుకతో వచ్చే రక్తపు జబ్బుకి పరీక్షలు ఎన్ని చేశారన్న లెక్కలు పేపర్లో వస్తూనే ఉంటాయి గానీ, ఆ రిజల్టు చేతికొచ్చాక ఇంట్లో ఏం జరుగుతోందో ఎవరూ రాయడం లేదు. 2023 జులైలో కేంద్రం మొదలుపెట్టిన మిషన్ కింద, గిరిజన ప్రాంతాల్లో 40 ఏళ్లలోపు వాళ్లు 7 కోట్ల మందికి ఈ పరీక్ష చేయాలని లక్ష్యం. పరీక్షే వద్దని నేననను. జబ్బున్న పిల్లల్ని చిన్నప్పుడే గుర్తిస్తే ఇన్ఫెక్షన్లు రాకుండా టీకాలున్నాయి, హైడ్రాక్సీయూరియా అనే మందు ఉంది, ఎన్నో ప్రాణాలు నిలబడతాయి.

నా బాధంతా క్యారియర్ల గురించి. అమ్మ నుంచో నాన్న నుంచో ఈ జబ్బు జన్యువు ఒక్కటే వచ్చిన వీళ్లు దాదాపు అందరిలాగే బతుకుతారు, మందులు కూడా అక్కర్లేదు. అమ్మానాన్నలిద్దరూ క్యారియర్లయితే ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం 25 శాతం. ఒక్కరే క్యారియర్ అయి, రెండోవాళ్లకు ఇలాంటి రక్త లోపమేమీ లేకపోతే బిడ్డ మహా అయితే క్యారియర్ అవుతుంది, అంతే. ఈ మాట ఎవరూ చెప్పకుండా రిజల్టు రాసిన కార్డు మాత్రం చేతిలో పెట్టేస్తే ఏమవుతుంది? నాకు తెలిసిన ఒకమ్మాయికి ఖాయమనుకున్న సంబంధం ఆ కార్డు చూసి వెనక్కి పోయింది. అబ్బాయికి అసలు పరీక్షే చేయించలేదు! మేనరికాలున్న చోట ఈ పరీక్ష అవసరం ఇంకా ఎక్కువే, కానీ అది ఆడపిల్ల ఒక్కదానికేనా?

ఇలాంటివి వేరే దేశాల్లో ఎప్పుడో జరిగాయి. గ్రీసులో ఒర్కొమెనోస్ అనే చోట 1970ల్లో ఇలాగే పరీక్షలు చేస్తే, క్యారియర్ అని తేలినవాళ్లు పెళ్లిళ్ల దగ్గర చులకనై ఆ సంగతి దాచుకున్నారు. అమెరికాలో అదే రోజుల్లో నల్లజాతి వాళ్లకు, ఏ జబ్బూ లేకపోయినా, క్యారియర్ అన్న ముద్రతో ఉద్యోగాలు, ఇన్సూరెన్స్ దక్కలేదు. వాళ్ల ఎయిర్‌ఫోర్స్ అకాడమీ అయితే 1981 దాకా క్యారియర్లను చేర్చుకోలేదు.

ఏడో తరగతి పిల్లకి తను క్యారియర్ అని ఇప్పుడే తెలిసి ఒరిగేదేంటో నాకైతే అర్థం కాదు, టెన్షన్ తప్ప. పెళ్లీడు వచ్చాక, తనకే, విడిగా కూర్చోబెట్టి, వాళ్ల భాష తెలిసిన మనిషి చెప్పాలి. ఇద్దరూ క్యారియర్లయినా గర్భంలోనే పరీక్ష చేయించుకోవచ్చని, ఏం చేయాలన్నది వాళ్ల ఇష్టమేనని కూడా చెప్పాలి. దీనికంతా మనుషులు కావాలి, టైం పడుతుంది, ఒప్పుకుంటాను. కానీ అందరి ముందూ పేరు పిలిచి కార్డు ఇవ్వడం ఆపడానికి ఏ బడ్జెట్టూ అక్కర్లేదు కదా, కనీసం అదైనా రేపటి క్యాంపు నుంచే మానండి.

ఇట్లు,
ఒక ఏజెన్సీ టీచరు