విద్యుత్ సెడాన్‌ను మన దారుల మీద పరీక్షించాలి

సంపాదకుల వారికి,

చైనా కంపెనీ బీవైడీ తయారు చేసే విద్యుత్ సెడాన్ సీల్ గురించి మీ పత్రికలో ఇటీవల వచ్చిన సమీక్ష చదివాను. సున్నా నుంచి గంటకు వంద కిలోమీటర్ల వేగాన్ని 3.8 సెకన్లలో అందుకుంటుందన్న సంగతికి సగం వ్యాసం కేటాయించిన సమీక్షకులు, ఆ కారు హనుమకొండ నుంచి హైదరాబాదుకు పోయి, మధ్యలో ఎక్కడా ఛార్జింగ్ పెట్టకుండా తిరిగి రాగలదా అన్న ప్రశ్న జోలికి పోలేదు. మా వైపు ఎవరైనా మొదట అడిగేది అదే.

తక్కువ ధరకే అధిక సామర్థ్యం అన్న మీ మాటలో కొంత నిజముంది. 2024 మార్చిలో మన దేశంలో విడుదలైనప్పుడు దీని మూడు రకాల ఎక్స్‌షోరూమ్ (రోడ్డు పన్ను, బీమా కలపని) ధరలు వరుసగా 41 లక్షలు, 45.55 లక్షలు, 53 లక్షల రూపాయలు. హనుమకొండలో ఒక మోస్తరు ఫ్లాటుకు పెట్టే డబ్బు పెట్టి కొనే కారును చౌక అనడానికి నోరు రాదు గానీ, దీనికి సాటివచ్చే పికప్ ఉన్న జర్మన్ పెట్రోల్ సెడాన్లు డెబ్బై లక్షలు దాటాయన్నది వాస్తవం. ఇది ఎలా సాధ్యమైందో సమీక్షలో చెప్పి ఉండాల్సింది. పెట్రోల్ కారులో బలం పెంచాలంటే ఇంజను, గేర్‌బాక్సు, రేడియేటరు అన్నీ పెంచుకుంటూ పోవాలి. విద్యుత్ కారులో పెద్ద ఖర్చు బ్యాటరీది. ఎక్కువ దూరం కోసం ఎలాగూ పెద్ద బ్యాటరీ పెట్టాక, ముందు చక్రాలకు మరో మోటారు బిగించడం తయారీదారుకు అంత భారం కాదు. వేగం అందుకోవడానికి అయ్యే కరెంటు కూడా స్వల్పమే. 2,185 కిలోల కారును వంద వేగానికి చేర్చే గతిశక్తిని లెక్క వేస్తే పావు యూనిట్ లోపే వస్తుంది. బ్యాటరీలో పట్టేది 82.56 యూనిట్లు. బ్రేకు వేసినప్పుడు ఆ పావులోనూ కొంత వెనక్కి వస్తుంది.

బ్యాటరీని తినేసేది ఆ వేగాన్ని గంటల తరబడి నిలపడం. వేగం 80 నుంచి 100కు పెరిగితే గాలి నిరోధం సగానికి పైగా పెరుగుతుంది. ఇక్కడే సెడాన్‌కు మేలు: నేలకు దగ్గరగా, సన్నగా ఉండే ఈ కారు గాలిని చీల్చుకుపోయే తీరు ఎత్తైన ఎస్‌యూవీలకు రాదు. కంపెనీ చెప్పే 580 కిలోమీటర్ల ప్రకారం యూనిట్‌కు ఏడు కిలోమీటర్లు రావాలి. మే నెల మధ్యాహ్నం ఏసీ వేసుకొని నలుగురితో హైదరాబాదు వెళ్లే 163వ జాతీయ రహదారి మీద వంద వేగంతో వెళితే అయిదు, అయిదున్నరకు మించి రావని నా అంచనా. అంటే 410 నుంచి 450 కిలోమీటర్లు. హనుమకొండ వారి రానుపోను ప్రయాణం మూడు వందల లోపే కనుక దిగులు లేదు. హైదరాబాదుకు మాకన్నా చాలా దూరంలో ఉన్న ఏటూరునాగారం నుంచి బయలుదేరేవారికి మాత్రం దారిలో ఛార్జింగ్ తప్పదు. ఇది కాగితం మీది లెక్క. కారు చేతిలో ఉన్న సమీక్షకులు కాజీపేట దాటేసరికి ఎంత శాతం మిగిలిందో చూసి రాస్తే అంచనాలతో పని ఉండదు.

సెడాన్‌కు మేలు చేసిన ఆ తక్కువ ఎత్తే ఊళ్లోకి వచ్చేసరికి కష్టం తెచ్చిపెడుతుంది. ఈ కారు గ్రౌండ్ క్లియరెన్స్, అంటే నేలకూ కారు అడుగుకూ మధ్య ఖాళీ, 145 మిల్లీమీటర్లు; ముందు వెనుక చక్రాల మధ్య దూరం 2,920 మిల్లీమీటర్లు. ఆ దూరం ఎక్కువైన కొద్దీ దిబ్బ మీద కారు నడుమ తగిలే వీలూ ఎక్కువ. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం ప్రకారం స్పీడ్ బ్రేకరు 3.7 మీటర్ల వెడల్పున, పది సెంటీమీటర్ల ఎత్తున గుండ్రంగా ఉండాలి. మన కాలనీల్లో రాత్రికి రాత్రి సిమెంటుతో పోసే దిబ్బలు ఏ ప్రమాణానికీ లొంగవు. నలుగురు కూర్చొని, డిక్కీ నిండా సామాను ఉన్నప్పుడు వాటి మీద అడుగుభాగం తగులుతుందా లేదా అన్నది తప్పనిసరిగా చూడాలి, ఎందుకంటే అక్కడ ఉండేది బ్యాటరీయే.

ఇక నాలుగు చక్రాలనూ నడిపే 53 లక్షల రకానికి మీరు అగ్రస్థానం ఇవ్వడంతో నేను ఏకీభవించను. పైన చెప్పిన 3.8 సెకన్లు, 580 కిలోమీటర్లు దానివే. వెనుక చక్రాలను మాత్రమే నడిపే 45.55 లక్షల రకంలోనూ అదే బ్యాటరీ ఉంది; అది కంపెనీ లెక్కన 650 కిలోమీటర్లు పోతుంది, 5.9 సెకన్లలో వంద అందుకుంటుంది. ఏడున్నర లక్షలు అదనంగా కట్టి, డెబ్బై కిలోమీటర్లు వదులుకొని, సంపాదించేది రెండు సెకన్లు. పైగా నాలుగు వరుసల విభజిత రహదారులపై కార్లకు కేంద్రం 2018లో నిర్ణయించిన గరిష్ఠ వేగమే వంద. వర్షంలో నాలుగు చక్రాల పట్టు మేలే, కాదనను. దానికి అంత ధర కట్టనక్కర్లేదు.

లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ కావడం మా ఎండలకు అనుకూలం. బరువు ఎక్కువైనా, వేడికి త్వరగా అదుపు తప్పని రసాయనం అది. ఎనిమిదేళ్లు లేదా 1.6 లక్షల కిలోమీటర్ల వారంటీ ఉంది. అయితే 150 కిలోవాట్ల వరకు తీసుకోగల కారుకు 60 కిలోవాట్ల ఛార్జరే దొరికితే, 20 నుంచి 80 శాతానికి దాదాపు గంట నిలబడాలి; ఇంట్లో 7 కిలోవాట్ల ఛార్జరుతో ఖాళీ బ్యాటరీ నిండటానికి పన్నెండు గంటలు. విదేశాల నుంచి పూర్తిగా తయారై వచ్చే కారు కాబట్టి, అద్దం పగిలితే విడిభాగం ఎన్నాళ్లకు వస్తుందో, సర్వీసుకు హైదరాబాదుకే పోవాలో కూడా రాయాలి.

మరొక్క విషయం. తెలంగాణలో విద్యుత్ వాహనాలకు రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ ఫీజు మినహాయింపు 2024 నవంబరు 18న అమలులోకి వచ్చింది. అది 2026 డిసెంబరు 31 వరకే. ఈ ధర ఉన్న కారుపై జీవితకాల పన్ను లక్షల్లో ఉంటుంది కనుక, ఇకపై సమీక్షల్లో ఎక్స్‌షోరూమ్ ధర పక్కనే మినహాయింపుతోనూ, అది లేకుండానూ ఆన్‌రోడ్ ధర ఎంతో ముద్రించవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు,
హనుమకొండ