ఆసియా సినిమాలు విజయనగరానికీ రావాలి

ఆసియా దేశాల మంచి సినిమాలు చిత్రోత్సవాలు జరిగే నగరాలు దాటి విజయనగరం, శ్రీకాకుళం వంటి ఊళ్లకు రావడం లేదు. దక్షిణ కొరియాలోని బూసాన్ చిత్రోత్సవం మొదలైన 1996లోనే కేరళ కూడా సొంత చిత్రోత్సవాన్ని ప్రారంభించి, ఆసియా, ఆఫ్రికా, లాటిన్ అమెరికా చిత్రాలకు పోటీ నిర్వహిస్తోంది. మనకు అటువంటి ప్రయత్నమే లేదు. మన ప్రేక్షకులకు ఇవి రుచించవనడం అన్యాయం. ఒకే జత బూట్లు పంచుకునే అన్నాచెల్లెళ్ల ఇరాన్ సినిమాను నిరుడు మా వీధి పిల్లలకు గోడ మీద వేసి చూపించాను. కింద పడే ఇంగ్లిషు అక్షరాలు అందక మొదట అల్లరి చేశారు. డిగ్రీ చదివే ఒక అమ్మాయి మాటలను తెలుగులో చెప్పడం మొదలుపెట్టగానే గది సద్దుమణిగింది. సినిమాలో పరుగు పందెం ముగిశాక ఆ అన్న బొబ్బలెక్కిన పాదాలను నీళ్లలో పెట్టినప్పుడు, ముందు వరుసలోని కుర్రవాడు తన కాళ్ల వైపు చూసుకున్నాడు. వారికి అడ్డు నిలిచింది భాష ఒక్కటే. 1892లో ‘కన్యాశుల్కం’ తొలి ప్రదర్శన చూసిన ఊరు ఇది, కొత్త కళకు ఇక్కడ ఆదరణ ఉంటుంది. రాష్ట్ర సాంస్కృతిక శాఖ ఏటా అయిదారు ఉత్సవ చిత్రాలకు ప్రదర్శన హక్కులు తీసుకుని, తెలుగు ఉపశీర్షికలు రాయించి, మా ఊళ్లోని గురజాడ కళాభారతి ప్రేక్షకశాలలో రెండు రోజులు చూపించాలి. ఆ ప్రతులనే శ్రీకాకుళం, బొబ్బిలి, పలాసలకు పంపాలి. ఉపశీర్షికల పనిని స్థానిక కళాశాలల తెలుగు విద్యార్థులకు పారితోషికమిచ్చి అప్పగించవచ్చు. అక్షరాలు మాత్రం పెద్దవిగా ఉండాలి, వెనుక వరుసలో కూర్చున్న పెద్దవాళ్లూ తీరిగ్గా చదువుకోగలగాలి.

— ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, విజయనగరం