బెల్టు కట్టారు, పాఠం ఎవరు చెబుతారు?

సంపాదకులకు నమస్కారం.

పోయిన మంగళవారం మీ జిల్లా పేజీలో ఆ ఫొటో చూశాను. గూని రాకుండా ఉండాలని మా ఊరి హైస్కూలు పిల్లలకి భుజాల బెల్టులు పంచారు. ఆ రోజే రాయాల్సింది. కోపంలో మాట తూలుతుందని నాలుగు రోజులు ఆగాను. ఆగినా తగ్గలేదు.

నేను ముప్పై ఒక్క ఏళ్ళు ప్రభుత్వ పాఠశాలల్లో వ్యాయామ ఉపాధ్యాయుడిగా చేసి రిటైరయ్యాను. దాతల మంచి మనసుని తప్పు పట్టను. కానీ ఆ బెల్టు పిల్లల ఒంటికి ఏమీ నేర్పదు. కట్టుకున్నంతసేపు భుజాల్ని వెనక్కి లాగుతుంది, విప్పితే మళ్ళీ మామూలే. గురువారం సాయంత్రం మా వీధి చివర ఆటో కోసం నిలబడ్డ ఒక అమ్మాయిని చూశాను. యూనిఫాం మీద బెల్టు, బెల్టు మీద పుస్తకాల బ్యాగు. చంకల దగ్గర పట్టీ ఒరుసుకుంటోందని రెండు బొటనవేళ్ళూ లోపలికి దూర్చి పట్టుకుంది. బ్యాగు బరువుకి మెడ మాత్రం ముందుకే వాలి ఉంది. ఆ బ్యాగు సంగతి ఎవరికీ పట్టలేదా?

మరునాడు నా మనవరాలి బ్యాగు తీసుకెళ్ళి కిరాణా కొట్టు కాటా మీద పెట్టాను. ఏడో తరగతి పిల్ల. బ్యాగు 7 కిలోల 200 గ్రాములు, పిల్ల 34 కిలోలు. ఆరు, ఏడు తరగతులకి 4 కిలోలు దాటకూడదని 2018లోనే కేంద్రం చెప్పింది. పిల్లల బరువులో పదో వంతు మించకూడదని 2020లో పాలసీ కూడా వచ్చింది. మా జిల్లాలో ఏ బడి గేటు దగ్గరైనా కాటా పెట్టి తూచిన అధికారిని నేనింతవరకు చూడలేదు.

ఇక భంగిమ విషయం. 'నిటారుగా కూర్చో' అని ఇంట్లో అమ్మా అంటుంది, బడిలో మాస్టారూ అంటాడు. నేనూ అన్నాను. 'సావధాన్' అని అరిస్తే పిల్లలు ఛాతీ పొంగించి, ఊపిరి బిగబట్టి, మోకాళ్ళు గట్టిగా బిగించి నిలబడేవారు. 'విశ్రామ్' అనగానే సోలిపోయేవారు. అది తప్పు పద్ధతని నాకు ఉద్యోగం అయిపోయాక తెలిసింది, నా నడుమే నాకు నేర్పింది.

హైదరాబాదులో అబ్బాయి దగ్గరున్నప్పుడు నడుం పట్టేసి కుర్చీలోంచి లేవలేకపోయాను. మాత్రలు మింగాను, నేనూ ఒక బెల్టు కట్టుకున్నాను. చివరికి ఫెల్డెన్‌క్రైస్ పద్ధతిలో కదలికలు నేర్పే ఒకావిడ దగ్గరికి వెళ్ళాను. చాప మీద వెల్లకిలా పడుకోమంది, మోకాళ్ళు పైకి మడిచి పాదాలు నేలకి ఆనించమంది. 'మీ నడుం కింద చెయ్యి పెట్టి చూడండి సార్' అంది. ఎడమ పక్క అరచెయ్యి సులువుగా దూరింది, కుడి పక్క వేళ్ళు కూడా దూరలేదు. అరవై ఏళ్ళు మోసిన ఒళ్ళు ఇలా ఒక పక్కకి ఒరిగిపోయిందని నాకు తెలియనే తెలియదు! నడుం కింద గోడ గడియారం పరిచి ఉందనుకోమంది. తల వైపు పన్నెండు, కాళ్ళ వైపు ఆరు. పన్నెండు వైపు మెల్లగా ఒరిగితే నడుం నేలకి ఆనుతుంది, ఆరు వైపు ఒరిగితే కొంచెం పైకి లేస్తుంది. బలం పెట్టొద్దు, లెక్క పెట్టొద్దు, ఎక్కడ ఆగిపోతోందో గమనించండి చాలు అంది. అలా ముప్పావు గంట. లేచి నిలబడితే పాదాలు రెండూ నేల మీద సమానంగా ఆనాయి. నొప్పి ఆ ఒక్క రోజుతో పోలేదు, మూడు నెలలు పట్టింది. కానీ నా ఒళ్ళు నాకు తెలియడం ఆ రోజే మొదలైంది.

ఈ పద్ధతి మోషే ఫెల్డెన్‌క్రైస్‌ది. 1904లో పుట్టారు, పారిస్‌లో భౌతికశాస్త్రం చదివారు, జూడో నేర్పారు. మోకాలు దెబ్బతిని నడవడం కష్టమైతే తన కదలికల్నే ఏళ్ళ తరబడి గమనించి ఈ పాఠాలు తయారు చేశారు. ఇజ్రాయెల్ మొదటి ప్రధాని బెన్ గురియన్ ఆయన దగ్గర నేర్చుకుని డెబ్భై ఏళ్ళ వయసులో సముద్రపు ఒడ్డున తలకిందులుగా నిలబడ్డారు. ఇంత నిదానం ఎందుకంటే కారణం ఉంది. బస్తా మోసే మనిషి బస్తాలో ఇంకో గుప్పెడు బియ్యం పోస్తే అతనికి తెలియదు, ఖాళీ అరచేతిలో పోస్తే తెలుస్తుంది. ఒంట్లో బిగువు తగ్గితేనే తేడా తెలుస్తుంది, తేడా తెలిస్తేనే ఒళ్ళు మార్చుకుంటుంది.

మనకిది కొత్త కాదు కూడా. మా అమ్మ చుట్టకుదురు మీద బిందె పెట్టుకుని చెరువు నుంచి చెయ్యి వెయ్యకుండా నడిచొచ్చేది. ఆవిడకి ఎవరూ 'నిటారుగా నడువు' అని చెప్పలేదు. కూచిపూడి గురువులు పిల్లని అరమండిలో, అంటే మోకాళ్ళు పక్కలకి సగం వంచి నిలబెట్టి మొదట చూసేది నడుమే. ఇప్పుడు చెరువు లేదు, బిందె లేదు, పిల్లలు బాసింపట్టు వేసి నేల మీద కూర్చోవడమే లేదు. మరి ఒళ్ళు ఎక్కడ నేర్చుకోవాలి? బడిలోనే.

బడిలో ఆ పీరియడ్ ఉంటే కదా! టైంటేబుల్‌లో ఉంటుంది. డిసెంబరు రాగానే దాన్ని లెక్కల మాస్టారికి ఇచ్చేస్తారు. నా సర్వీసులో ఎన్నిసార్లు హెడ్మాస్టర్ల గది ముందు నిలబడి అడిగానో నాకే గుర్తులేదు. 'పది ఫలితాలు ముఖ్యం మాస్టారూ' అనేవారు. విద్యాహక్కు చట్టం 2009 ప్రతి బడికీ ఆటస్థలం ఉండాలంది, ఆరు నుంచి ఎనిమిది వరకు వందమంది దాటితే వ్యాయామానికి పార్ట్‌టైమ్ బోధకుడు ఉండాలంది. అపార్ట్‌మెంట్లలో నడిచే కాలేజీలకి, స్కూళ్ళకి అనుమతులు ఎవరిచ్చారు? ఆ పిల్లలు పొద్దున్న ఆరు నుంచి రాత్రి తొమ్మిది దాకా ఒకే బెంచీ మీద వంగి రాస్తున్నారు. పొడుగు పిల్లకీ పొట్టి పిల్లకీ అదే బెంచీ.

2025 జూన్ 21న విశాఖ సాగరతీరంలో లక్షల మంది యోగాసనాలు వేస్తే టీవీలో చూసి కళ్ళు చెమర్చాయి. అంతమందిని కదిలించగలిగిన ప్రభుత్వం రోజుకి ఇరవై నిమిషాలు బడి పిల్లలకి ఇవ్వలేదా? వ్యాయామ ఉపాధ్యాయులకి ఈ పద్ధతిలో ఒక నెల శిక్షణ ఇప్పించండి. ఖాళీ పోస్టులు నింపండి. బడికి పెద్ద ఖర్చేమీ కాదు, పాఠానికి కావలసింది చాపలే.

మా హైస్కూలు హెడ్మాస్టరు గారికి మీ పత్రిక ద్వారా ఒక మాట. సోమవారం నుంచి పొద్దున్న ఎనిమిదింటికి నేను వస్తాను. జీతం వద్దు, శాలువా వద్దు. పాత సైన్సు ల్యాబు గదిలో విరిగిన బెంచీలు తీయించి నేల ఊడిపించి ఉంచండి.

– ఒక విశ్రాంత వ్యాయామ ఉపాధ్యాయుడు, గుంటూరు జిల్లా