యంత్రానికే కాదు, సరుకుకూ రుణం కావాలి

సంపాదక మహాశయులకు,

చిన్న పరిశ్రమలు పెట్టుకోదలచిన యువతీయువకుల కోసం జరిగే రుణ మేళాల వార్తలు మీ జిల్లా పేజీల్లో తరచుగా చదువుతుంటాను. 2018 నుంచి వరంగల్ కాశీబుగ్గలో కారం, పసుపు పట్టే గిర్నీ నడుపుతున్నదాన్ని కాబట్టి, అలాంటి వార్త వచ్చిన రెండు మూడు రోజుల్లోనే ఎవరో ఒకరు మా గుమ్మంలోకి వచ్చి, "అక్కా, ఏ లోనుకు పెట్టుకుంటే సబ్సిడీ ఎక్కువొస్తది?" అని అడుగుతుంటారు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పడం కష్టమేమీ కాదు. అయితే మొదట అడగవలసిన ప్రశ్న అది కాదని నేను నష్టపోయి తెలుసుకున్నాను. ఆ సంగతే మీ పాఠకులకు, ముఖ్యంగా జిల్లాలోని బ్యాంకుల, పరిశ్రమల శాఖ అధికారులకు విన్నవించుకుంటున్నాను.

నాకు ముద్ర పథకం కింద 4 లక్షల 80 వేల రూపాయల రుణం మంజూరైంది. పూచీకత్తు అడగలేదు, అందుకు నేటికీ కృతజ్ఞురాలిని. కానీ కొటేషన్ ప్రకారం ఆ సొమ్ములో అధిక భాగం నేరుగా యంత్రాల డీలరుకు వెళ్లింది. మిగిలినది, నా చేతిలోనిది కలిపి షెడ్డుకు, త్రీఫేజ్ మీటరుకు, నేల గచ్చుకు సరిపోయింది. జూన్‌లో మోటారు తిరిగింది, పట్టడానికి మాత్రం మిర్చి లేదు. ఏనుమాముల మార్కెట్‌కు మిర్చి సంక్రాంతి తరువాత రావడం మొదలై మార్చి, ఏప్రిల్ నెలల్లో యార్డంతా ఎర్రబడుతుంది. ఆ తరువాత మిగిలిన బస్తాలు కోల్డ్ స్టోరేజీల్లోకి చేరతాయి. వానాకాలంలో కొనేవారు మిర్చి ధరతో పాటు ఆ గోదాము కిరాయిని, వ్యాపారి కట్టిన వడ్డీని కూడా మోయాలి. మొదటి ఏడాదంతా నేను వారానికి రెండు బస్తాల చొప్పున, అదీ ఉద్దెర మీద, తెచ్చుకుని పట్టాను.

దానివల్ల ధర ఒక్కటే కాదు, పేరు కూడా దెబ్బతిన్నది. ఒకసారి తేజ రకం మిర్చి, మరోసారి వండర్ హాట్ రకం, ఇంకోసారి ఏది దొరికితే అది పట్టడంతో నా కారం రంగు, ఘాటు నెలనెలా మారిపోయాయి. "పోయినసారి కారం మంచిగుండె" అంటూ ఖాతాదారులు ఒక్కొక్కరే దూరమయ్యారు. పచ్చళ్లకు రంగునిచ్చే మన చపాట మిర్చికి 2025లో భౌగోళిక గుర్తింపు లభించినందుకు ఈ ప్రాంతపు మనిషిగా నేనెంతో సంతోషించాను. కానీ సీజన్‌లో పది క్వింటాళ్లు కొని దాచుకునే డబ్బు లేని చిన్న గిర్నీకి ఆ గుర్తింపు ఏమాత్రం అక్కరకు రాదు. ఏటా ముందుగా కొని పెట్టుకుంటే తప్పక లాభమేనని కూడా నేననడం లేదు. 2017లో ధర కుప్పకూలినప్పుడు ఈ ప్రాంత రైతులు, చిన్న వ్యాపారులు పడిన బాధ ఎవరూ మరువలేదు. కొనాలో వద్దో తేల్చుకునే అవకాశమైనా చేతిలో డబ్బు ఉన్నవారికే ఉంటుందని నా మాట.

అందువల్ల నా దగ్గరకు వచ్చే పిల్లలకు నేను చెప్పేది ఇది. ఆరు నెలలపాటు యంత్రం జోలికి పోకండి. యాభై కిలోల మిర్చి కొని, తొడిమెలు తీసి, ఎండబెట్టి, ఎవరి గిర్నీలోనైనా కూలి ఇచ్చి పట్టించి, హన్మకొండలోని హాస్టళ్లకు, మెస్సులకు, మీ వాడలోని కిరాణా దుకాణాలకు అమ్మి చూడండి. తొడిమెకు, తేమకు క్వింటాలు మీద పది పన్నెండు కిలోలు తరుగు పోతుందని నాకు చేతులారా చేశాకే తెలిసింది. దుకాణదారు డబ్బు ఎన్ని రోజులకు ఇస్తాడో కూడా అమ్మితేనే తెలుస్తుంది. నలభై రోజులకు ఇస్తే ఆ నలభై రోజుల సరుకు పెట్టుబడి మీ చేతిలో ఉండాలి. ధర కట్టేటప్పుడు ప్యాకెట్టు, కరెంటు, ఆటో కిరాయితో పాటు మీ సొంత కూలి కూడా వేసుకోండి. మన ఆడవాళ్లు ఎక్కువగా మరిచిపోయేది ఆ చివరిదే, మరిచిపోయి ఏళ్ల తరబడి లాభం వస్తున్నదనుకుంటారు.

కాగితాల పని ఇప్పుడు జనం భయపడేంత పెద్దది కాదు. చిన్న పరిశ్రమగా ప్రభుత్వ గుర్తింపునిచ్చే ఉద్యమ్ నమోదు 2020 జులై నుంచి ఆధార్‌తో ఆన్‌లైన్‌లో పూర్తిగా ఉచితం. దానికి రెండు వేలు, మూడు వేలు తీసుకునే దళారులను నమ్మవద్దు. నేను మొదలుపెట్టినప్పుడు ఏడాదికి 12 లక్షల లోపు అమ్మకాలున్న ఆహార తయారీదారులకు ఆహార భద్రత నమోదు రుసుము ఏడాదికి వంద రూపాయలే. ఉద్యమ్ నమోదు ఉన్న తయారీదారు సరుకు తీసుకున్న పెద్ద కొనుగోలుదారు 45 రోజులు దాటి డబ్బు ఆపితే, 2006 నాటి చిన్న పరిశ్రమల చట్టం ప్రకారం రిజర్వు బ్యాంకు రేటుకు మూడు రెట్లు చొప్పున చక్రవడ్డీ చెల్లించాలన్న సంగతి మనవాళ్లలో చాలామందికి తెలియదు.

ఇక సబ్సిడీ మాట. ప్రధానమంత్రి ఉపాధి కల్పన పథకంలో పట్టణ మహిళకు ప్రాజెక్టు వ్యయంలో 25 శాతం, గ్రామంలోనైతే 35 శాతం సబ్సిడీ ఉన్న మాట నిజమే. అయితే ఆ సొమ్ము చేతికి రాదు. బ్యాంకులో మూడేళ్లు డిపాజిట్‌గా ఉండి, యూనిట్ నడుస్తున్నదని తనిఖీలో తేలిన తరువాత అప్పులో సర్దుబాటవుతుంది. ఈ ఒక్క విషయం మేళాలోనే విడమరిచి చెబితే, సబ్సిడీ వస్తే మిర్చి కొందామనుకుని అప్పు తెచ్చే ఆడపిల్లలు నాకు మళ్లీ కనిపించరు.

అధికారులకు నా విన్నపం ఒక్కటే. ఆ ఉపాధి కల్పన పథకం నిబంధనల్లో యంత్రాల ఖర్చుతో పాటు ఒక విడత నిర్వహణ పెట్టుబడిని, అంటే సరుకు కొని యూనిట్ నడిపే డబ్బును కూడా ప్రాజెక్టు వ్యయంలో చేర్చుకునే వీలుంది. మిర్చి వంటి సరుకులో ఒక విడత అంటే నెల కాదు, సీజన్ నుంచి సీజన్ దాకా. దరఖాస్తు పరిశీలించేటప్పుడు యంత్రం కొటేషన్‌తో పాటు ముడిసరుకు ఏ నెలలో, ఎంత కొంటారో అడిగి, ఆ మొత్తానికి క్యాష్ క్రెడిట్‌ను, అంటే సరుకు కోసం అవసరమైనప్పుడు తీసుకుని తిరిగి కట్టే బ్యాంకు అప్పును, ఫిబ్రవరిలోపే మంజూరు చేయాలి. రాబోయే మేళా నుంచే దరఖాస్తు ఫారంలో ఆ ఒక్క గడి చేర్చమని జిల్లా పరిశ్రమల కేంద్రాన్ని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక గిర్నీ నిర్వాహకురాలు,
కాశీబుగ్గ, వరంగల్