పళ్లెంలో తల

ఒరేయ్ శీనూ,

నీ ఉత్తరం అందింది. పిచ్చి సైంటిస్టుల సినిమాలు చూస్తున్నానంటే ఆ చవకబారు సరుకులో ఏముందిరా అని అడిగావు. ఉందిరా, చెప్తా విను.

'ది బ్రెయిన్ దట్ వుడెంట్ డై' అని ఒకటుంది. 1959లో న్యూయార్క్ దగ్గర తీశారు, విడుదలైంది 1962లో. మొదట్లో పడే పేరులో 'బ్రెయిన్' ఉంటుంది, చివర్లో పడే పేరులో అదే 'హెడ్' అయిపోతుంది. అది సరిచేసుకునే తీరిక కూడా లేదు వాళ్లకి.

బిల్ కార్ట్‌నర్ అనే సర్జన్ కాబోయే భార్య జాన్‌ని కారెక్కించుకుని, ఒళ్లు తెలియని స్పీడులో తోలి యాక్సిడెంట్ చేస్తాడు. ఆమె తలొక్కటే కోటులో చుట్టుకుని ల్యాబుకి పరిగెత్తి, పళ్లెంలో పెట్టి, ట్యూబులు తగిలించి, తన మందుతో బతికిస్తాడు. ఇక ఆ తలకి అతికించడానికి ఒళ్లు కావాలి కదా! క్లబ్బుల వెంట, అందాల పోటీల వెంట తిరుగుతూ ఆడవాళ్లను ఎగాదిగా చూస్తుంటాడు. ఆ భాగం సాగదీశారు, నాకు నచ్చలేదు. కెమెరా కూడా వాడిలాగే చూస్తుంది.

కానీ ఆ తల ఉంది చూశావూ! వర్జీనియా లీత్ వేసింది. పేరున్న దర్శకుడు కూబ్రిక్ మొదటి సినిమాలో నటించింది, ఆవిడే. ఇక్కడ ఆమెకి చేతుల్లేవు, నడక లేదు, మెడ తిప్పే వీలూ లేదు. తలకి కట్టు, చుట్టూ ట్యూబులు. ఉన్నదల్లా కళ్లు, గొంతు. ఆ గొంతుతోనే నన్ను చావనివ్వు అంటుంది. వాడు వినడు. నీ మీద ప్రేమతోనే ఇదంతా అంటాడు. ఆ ప్రేమ ఆమెలో పగగా మారడం మాట మాటకీ తెలుస్తుంటుంది. డబ్బుంటే అక్కడ ఏవేవో మెషీన్లు పెట్టి ఆ ముఖాన్ని కప్పేసేవాళ్లు. లేదు కాబట్టే మనకి ఆ ముఖం దక్కింది.

ల్యాబులో గడియ పెట్టిన తలుపు ఒకటుంటుంది. దాని వెనక వాడి పాత ప్రయోగాల్లో మిగిలిన జీవి. జాన్ ఇవతలి నుంచి మాట్లాడుతుంది, అది తలుపు తట్టి జవాబిస్తుంది. ఒకడి చేతిలో పాడైపోయిన ఇద్దరు తలుపుకి చెరోవైపు ఉండి ఒకటైపోతారు. దాదాపు చివరిదాకా ఆ జీవిని మనకి చూపించరు. నా ఒళ్లు జలదరించింది అక్కడేరా, రక్తం చూసి కాదు.

చివరికి బయటికొచ్చే ఆ జీవిగా వేసింది ఎడ్డీ కార్మెల్. జబ్బు వల్ల ఆగకుండా పెరిగిపోయిన మనిషి. 1970లో డయాన్ ఆర్బస్ తీసిన ప్రసిద్ధమైన ఫొటో చూసే ఉంటావు: బ్రాంక్స్‌లో ఓ ఇంటి గదిలో కప్పు తగులుతుందేమో అన్నట్టు వంగి నిలబడ్డ కొడుకు, తలలెత్తి చూస్తున్న అమ్మానాన్నలు. ఆ కొడుకు ఇతనే. 1972లో పోయాడు, నలభై కూడా నిండలేదు. ఈ సంగతి తెలిశాక మళ్లీ చూశాను. ఈసారి నాకు ఆ జీవిని చూస్తే భయం వేయలేదు.

తర్వాత 1985లో వచ్చిన 'రీ-యానిమేటర్' చూడు. హారర్ కథల రచయిత లవ్‌క్రాఫ్ట్ రాసిన కథ. షికాగోలో నాటకాలు వేయించే స్టువర్ట్ గోర్డన్ మొదటిసారి సినిమాకి తీశాడు. దాన్లోనూ పళ్లెంలో తల ఉంది, కానీ అది దుర్మార్గుడైన డాక్టరుది, దాని మొండెమే దాన్ని మోసుకు తిరుగుతుంది. శవాలను లేపే ఆకుపచ్చ మందు సిరంజిలో వెలుగుతుంటే చూపు తిప్పుకోలేవు. ఆ మందు కనిపెట్టినవాడిగా జెఫ్రీ కోంబ్స్ ఎంత సీరియస్‌గా చేశాడంటే, మనం నవ్వుతున్నా అతను నవ్వడు. రక్తం మాత్రం ధారాళం, అన్నం తింటూ పెట్టకు.

ముందు జాన్‌ది చూడు. కత్తిరించిన ప్రింట్లు తిరుగుతున్నాయి, పూర్తిది వెతుక్కో. చివర్లో జాన్ అనే మాట దగ్గర నీకేమనిపించిందో రాయి. అమ్మకి నమస్కారాలు చెప్పు.

నీ
రవి