దాతోంగ్ బొగ్గును వదల్లేదు

సంపాదకుడు గారికి,

ఆదివారం అనుబంధంలో చైనాలోని దాతోంగ్ నగరంపై మీరు వేసిన వ్యాసం ఆసక్తిగా చదివాను. ఫొటోలు బాగున్నాయి. కానీ ఆ ఊరు బొగ్గుకు దండం పెట్టి పర్యాటకంతో బతుకుతోందన్నట్టు రాయడం సరికాదు. షాన్సీ ప్రావిన్సు ఉత్తర కొసన ఉన్న దాతోంగ్‌లో పై పొరల బొగ్గు తరిగిపోతే కింది పొరలకు దిగారు, అంతే. అక్కడి నుంచి చిన్‌హువాంగ్‌దావ్ రేవు దాకా బొగ్గు కోసమే వేసిన 653 కిలోమీటర్ల రైలు మార్గం ఉంది. ఒక్కో రైలు 20 వేల టన్నుల దాకా లాగుతుంది. ఏడాదికి 40 కోట్ల టన్నులు మోసిన లైను అది. అందులో పక్క జిల్లాల బొగ్గు, ఇన్నర్ మంగోలియా బొగ్గు కూడా ఉందనుకోండి.

మీ ఫొటోలోని కోటగోడ సంగతి. లోపలి మట్టి 14వ శతాబ్దానిది, మింగ్ రాజులనాటిది. పైన కనిపించే ఇటుక మాత్రం 2008లో మేయరుగా వచ్చిన గెంగ్ యాన్‌బో కట్టించింది. అందుకోసం పాతబస్తీలో వేల కుటుంబాల ఇళ్లు కూలగొట్టారు. అదే మేయరు 2013లో బదిలీ అయితే, వెళ్లొద్దంటూ జనం రోడ్డెక్కారు. కాబట్టి ఆయన్ని ఒక్కమాటలో మంచనో చెడనో తేల్చలేం.

ఊరికి పడమట యున్‌గాంగ్ గుహల్లో బుద్ధ విగ్రహాలున్నాయి. ఉత్తర వెయ్ రాజులు 5వ శతాబ్దంలో ఇసుకరాయి కొండను తొలిచి చెక్కించినవి. ఒకప్పుడు వాటి ముందు నుంచే బొగ్గు లారీలు పోయేవి. విగ్రహాల భుజాల మీద, ఒళ్లో, ముడుచుకున్న మోకాళ్ల మీద, పైకి తిరిగిన ప్రతిచోటా నల్లటి దుమ్ము పేరుకునేది. 1990ల చివర్లో ఆ రోడ్డును దూరంగా మళ్లించారు. 2001లో యునెస్కో గుర్తింపు వచ్చింది.

బుద్ధుడి మీది దుమ్ము గురించి ప్రపంచమంతా పట్టించుకుంది, మంచిదే. ఆ చుట్టుపక్కల బొగ్గు బాయిల్లో పనిచేసినవాళ్ల మాటో? 1960 మే 9న లావ్‌బాయిదోంగ్ గని పేలి 684 మంది పోయారు. ఆ సంగతి దశాబ్దాల పాటు బయటికి రానివ్వలేదు. 2006లో దాతోంగ్ పరిధిలోనే ఉన్న జువోయున్ మండలంలోని ఓ గనిలోకి నీళ్లు ముంచుకొస్తే, లోపల ఐదుగురే ఉన్నారని మొదట చెప్పారు. చివరికి 56 మంది చనిపోయారని తేలింది. మీ వ్యాసంలో జువోయున్ పేరే లేదు.

నేను భూగర్భ గనిలో పనిచేసి రిటైరైనవాణ్ణి. బొగ్గు తీసిన చోట మన దగ్గర చాలా బాయిల్లో ఇసుక నింపేవాళ్లం. దాతోంగ్‌లో ఎక్కువగా గని పైకప్పును కూలనిస్తారు. అక్కడి కప్పు గట్టి ఇసుకరాయి. వెంటనే కూలదు, చాలాసేపు వేలాడి ఒక్కసారిగా పడుతుంది. ఆ గాలి దెబ్బకే మనిషి ఎగిరిపడతాడు. తర్వాత పైన నేల కుంగుతుంది, గోడలు బీటలిస్తాయి, బావుల్లో నీళ్లు దిగిపోతాయి, చివరికి ఊళ్లకు ఊళ్లు లేచిపోవాలి. 2015 నుంచి అలా కుంగిన నేలల్లో వెయ్యి మెగావాట్ల సోలార్ ప్లాంట్లు పెట్టారు. మీరు మెచ్చుకున్నవి ఇలాంటివే. నేనూ మెచ్చుకుంటాను. కానీ పలకలు బిగించాక వాటిని తుడిచి, కాపలా కాయడానికి ఎంతమంది కావాలి? బాయి మూతపడితే వేలమందికి పని పోతుంది. సింగరేణిలో లక్ష దాటిన ఉద్యోగులు ఇప్పుడు నలభై వేల దగ్గరున్నారు. ఇక్కడా సోలార్ వచ్చింది. ఆ లెక్క కోల్‌బెల్టులో ఎవరినడిగినా చెబుతారు.

దాతోంగ్‌ను మన గని ఊళ్లకు నమూనాగా చూపించే ముందు, ఊళ్లు ఖాళీ చేసినవాళ్లకు ఇల్లు ఎక్కడిచ్చారు, పనేమిచ్చారు అన్న వివరాలు కూడా వేయండి. రెండో భాగం రాయించేట్టయితే జువోయున్, షిన్‌రోంగ్ లాంటి గని ప్రాంతాల వైపు నుంచి రాయించండి.

— ఒక రిటైర్డ్ గని కార్మికుడు, గోదావరిఖని